పాత పెర్ఫార్మెన్స్ కారుకి సస్పెన్షన్ పార్టులు వెతకడం ఎలా

ఇరవై, ముప్పై ఏళ్లనాటి స్పోర్ట్స్ కారుకి సస్పెన్షన్ పార్టులు కావాలని పార్ట్స్ కౌంటర్‌లో అడిగితే సాధారణంగా రెండు జవాబులే వస్తాయి. "ఆ పార్టు ఆపేశారండీ" అంటారు, లేదంటే "బుష్ విడిగా రాదు, మొత్తం ఆర్మే కొనాలి" అంటారు. (బుష్ అంటే చక్రాన్ని బాడీకి కలిపే ఆర్మ్ కొసల్లో ఉండే రబ్బరు స్లీవ్.) రెండిట్లోనూ సగమే నిజం. కంపెనీ ఆపేసింది తన డబ్బాలో, తన నంబరుతో అమ్మే అసెంబ్లీని. ఆ అసెంబ్లీలో పాడయ్యేవి రబ్బరు, ఆయిల్ సీలు, బాల్ జాయింటు, ఇంకో నాలుగు నట్లు. లోహం తుప్పు పట్టకుండా, వంగకుండా ఉంటే ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. కాబట్టి మీరు వెతకాల్సింది చాలాసార్లు కౌంటర్‌లో అడిగిన పార్టు కంటే చిన్నదే అయి ఉంటుంది. దాన్ని కారు పేరుతో వెతికితే దొరకదు. నంబరుతో, కొలతతో వెతకాలి.

1. ముందు కారు కింద ఏముందో తేల్చుకోండి

పెర్ఫార్మెన్స్ కార్లతో ఉన్న చిక్కేమిటంటే, మామూలు మోడల్‌కీ స్పోర్ట్ మోడల్‌కీ పార్టులు చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపల కొలతలు వేరు. ఎక్కడ వేరో, ఎక్కడ ఒకటో ఊహించి చెప్పలేం. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3నే తీసుకోండి. దాని ముందు లోయర్ ఆర్మ్‌లు మామూలు ఈ46వి కావు. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ మాత్రం మామూలు ఈ46లో ఉండే సైజే, అంతకుముందు ఈ36లో ఉన్నదీ అదే సైజు. "ఎం3కి కావాలి" అని మాత్రమే వెతికేవాళ్లు రెండో దానికి అనవసరంగా తిరుగుతారు, మొదటిదానికి తప్పు పార్టు తెచ్చుకుంటారు.

ఛాసిస్ నంబరు, తయారైన నెల, ఆప్షన్ కోడ్‌లు, ఈ మూడూ రాసి పెట్టుకోండి. తయారీ నెల ఎందుకంటే, మోడల్ సంవత్సరం మధ్యలో పార్టు మారడం మామూలే. కేటలాగ్‌లో "ఫలానా నెల నుంచి", "ఫలానా నెల దాకా" అని రెండు వరసలు కనిపిస్తాయి. జపాన్ మార్కెట్ కోసం చేసిన కార్లకి 17 అక్షరాల విన్ (అంతర్జాతీయ ఛాసిస్ నంబరు) ఉండదు. బీఎన్ఆర్32, జేజెడ్ఏ80 లాంటి మోడల్ కోడ్‌తో మొదలయ్యే ఫ్రేమ్ నంబరు ఉంటుంది. అక్కడ అదే ఆధారం.

ఆప్షన్ కోడ్ సంగతి చాలామంది వదిలేస్తారు, తప్పు స్ప్రింగులు వచ్చేది ఇక్కడే. పోర్షాలో ఎం030 ఉంటే స్పోర్ట్ సస్పెన్షన్. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్ల సర్వీస్ స్టిక్కర్ మీద పీఆర్ కోడ్‌లలో 1బీఏ అంటే మామూలు సస్పెన్షన్, 1బీఈ అంటే స్పోర్ట్. కార్వెట్‌లో ఆర్‌పీఓ స్టిక్కర్ మీద జెడ్51, ఎఫ్45, ఎఫ్55 లాంటివి కనిపిస్తాయి.

కాగితం మీద ఉన్నది కారు కింద కూడా ఉందనుకోకండి. ముగ్గురు నలుగురు ఓనర్ల చేతులు మారిన కారుకి ఎవరో ఒకరు ఏదో ఒకటి మార్చే ఉంటారు. షాకబ్జార్బర్ రంగు చూసి కంపెనీ చెప్పేయకండి. కోనీ స్పోర్ట్ పసుపే, బిల్‌స్టైన్ బీ6, బీ8లు కూడా పసుపే. బాడీ మీద గుద్దిన నంబరు చదవండి. స్ప్రింగుల మీద రంగు గీతలు ఉంటాయి, ఏ రంగు ఎన్ని గీతలు అన్నదే కంపెనీ ఆ స్ప్రింగుకి పెట్టిన గుర్తు. వైర్ బ్రష్ పట్టుకునే ముందే ఫోటో తీయండి. మట్టితోపాటు ఆ గీతలు పోతే తర్వాత ఆ స్ప్రింగు ఏదో చెప్పేవాడు ఉండడు.

ఇంకొకటి. ఏ బోల్టూ విప్పకముందే కారుని చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు వైపులా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. ఈ నాలుగు అంకెలు చివర్లో బుష్ బోల్టులు బిగించేటప్పుడు కావాలి.

2. ఏది పోయిందో పరీక్షించాకే జాబితా రాయండి

బానెట్ మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూడటం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పూర్తిగా చచ్చిన షాక్‌ని అది పట్టిస్తుంది, సగం పోయినదాన్ని పట్టించదు. గట్టి స్ప్రింగులున్న కారులో అసలు ఏమీ తెలియదు. షాక్ బాడీ మీద ఆయిల్ జారిన తడి, టైరు అంచున గుంటలు గుంటలుగా అరుగుదల, ఎక్స్‌పాన్షన్ జాయింట్ దాటాక కారు సర్దుకోవడానికి పట్టే సమయం, ఇవి నమ్మదగ్గ గుర్తులు.

బాల్ జాయింట్ ఆట (వదులు) చూసేటప్పుడు ఎక్కడ జాకీ పెట్టారన్నదే ముఖ్యం. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్, స్ప్రింగు కలిసి ఒకే గొట్టంగా ఉండేది) ఉన్న కారులో బాడీ కింద ఎత్తి చక్రాన్ని వేలాడనివ్వాలి. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చునే డబుల్ విష్‌బోన్‌లో (పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు ఉండే పద్ధతి) మాత్రం ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కి దగ్గరగా జాకీ పెట్టాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి జాయింట్ బిగుసుకుని ఆట లేనట్టే కనిపిస్తుంది. తర్వాత టైరు కింద కడ్డీ పెట్టి పైకి లేపి చూడండి.

బుష్‌లలో పైన కనిపించే సన్నని పగుళ్లు అన్నీ ప్రమాదం కాదు. రబ్బరు ఇనుప స్లీవ్ నుంచి ఊడి ఉంటే, ప్రై బార్‌తో నెట్టినప్పుడు లోపలి స్లీవ్ మధ్యలోంచి పక్కకి జరిగిపోతుంటే అది పోయినట్టు. హైడ్రాలిక్ బుష్ (లోపల ద్రవం నిండినది) అయితే చుట్టూ నల్లగా జిడ్డు మరక ఉంటుంది, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. టాప్ మౌంట్ (స్ట్రట్ పై చివరని బాడీకి పట్టించే భాగం) కోసం ఒక చెయ్యి స్ప్రింగు మీద పెట్టి ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా బిగబట్టి టక్కున వదిలితే బేరింగ్ పోయింది.

3. నంబరు పట్టుకోండి, పాత నంబర్లు కూడా

బీఎండబ్ల్యూకి ఈటీకే, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకి ఈటీకేఏ, నిస్సాన్‌కి ఫాస్ట్, ఇలా ప్రతి కంపెనీకీ బొమ్మలతో పార్టుల కేటలాగ్ ఉంది. వాటిలో మీ ఛాసిస్ నంబరు వేసి పార్టులన్నీ విడదీసి చూపించే బొమ్మ తీయండి. ఆ బొమ్మలో ప్రతి వాషర్‌కీ విడి నంబరు ఉంటుంది. "టాప్ మౌంట్ ఆగిపోయింది" అన్నచోట ఆగిపోయింది రబ్బరు మౌంట్ ఒక్కటే కావచ్చు; బేరింగ్, స్ప్రింగు సీటు, బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా దిగకుండా ఆపే మెత్తటి దిమ్మ), డస్ట్ కవర్ ఇంకా వస్తూ ఉండొచ్చు.

నంబరు చదవడం కొంచెం తెలిసి ఉంటే తప్పుడు పార్టుని దూరం నుంచే పసిగట్టొచ్చు. బీఎండబ్ల్యూ నంబరులో 11 అంకెలు. మొదటి రెండు 31 అయితే ముందు యాక్సిల్, 32 స్టీరింగ్, 33 వెనక యాక్సిల్. అమ్మేవాళ్లు ఎక్కువగా చివరి 7 అంకెలే రాస్తారు. ఫోక్స్‌వ్యాగన్, ఆడీల్లో మధ్య మూడంకెలు చూడండి: 407 కంట్రోల్ ఆర్మ్, 413 ముందు షాక్, 511 వెనక స్ప్రింగు, 513 వెనక షాక్. చివర అక్షరం మారితే పార్టు సవరించారని అర్థం. హోండాలో 51తో మొదలైతే ముందు సస్పెన్షన్, 52తో మొదలైతే వెనకది. మధ్యలో ఉండేది మోడల్ కోడ్, ఎన్ఎస్ఎక్స్‌కి ఎస్ఎల్0. మాజ్డాలో మధ్య అంకెలు 34 ముందు, 28 వెనక. నిస్సాన్‌లో 54010 ముందు స్ప్రింగు, 55020 వెనక స్ప్రింగు. సుబారులో 20310 ముందు స్ట్రట్, 20365 వెనకది. "వెనక షాక్" అని ప్రకటన పెట్టి నంబరు 413 అని రాసి ఉంటే డబ్బు పంపకముందే ఆగిపోవచ్చు.

పార్టు నంబరు కాలంతోపాటు మారుతుంది. పాత నంబరు స్థానంలో కొత్తది, దాని స్థానంలో ఇంకొకటి వస్తాయి. కేటలాగ్ చివరిదే చూపిస్తుంది. మీరు మాత్రం గొలుసులోని అన్ని నంబర్లూ రాసి పెట్టుకోండి. ఏదో గోడౌన్‌లో మిగిలిన డబ్బా మీద ఉండేది పదిహేనేళ్ల కిందటి నంబరు, అమ్మేవాడు దాన్నే చూసి రాస్తాడు. కొత్త నంబరుతో వెతికినవాళ్లకి అది ఎప్పటికీ కనబడదు.

4. అసలు తయారు చేసిందెవరో చూడండి

కార్ల కంపెనీలు తమ షాక్‌లు, ఆర్మ్‌లు ఎక్కువగా బయట చేయిస్తాయి. యూరప్ కార్లలో శాక్స్, బిల్‌స్టైన్, కోనీ. జపాన్ కార్లలో కేవైబీ, షోవా, టోకికో. ఆర్మ్‌లు, బాల్ జాయింట్లలో లెమ్‌ఫోర్డర్, టీఆర్‌డబ్ల్యూ పేర్లు తరచూ వస్తాయి. శాక్స్‌తో కలిపి ఈ మూడూ ఇప్పుడు జెడ్ఎఫ్ గ్రూపువే. పాత పార్టు శుభ్రం చేసి చూస్తే పోతలోనే ఆ ముద్ర దొరుకుతుంది. అదే ఆర్మ్ లెమ్‌ఫోర్డర్ డబ్బాలో వచ్చినప్పుడు, కార్ల కంపెనీ లోగో ఉండే చోట గ్రైండర్‌తో అరగదీసిన గుర్తు కనిపిస్తే కంగారు పడకండి. అది ఆ లైన్‌లో తయారైన పార్టేనని చెప్పే గుర్తే.

పేర్లతో ఒక జాగ్రత్త. ఫెబీ బిల్‌స్టైన్, షాక్‌లు చేసే బిల్‌స్టైన్ ఒకే కంపెనీ కాదు. రెండూ జర్మనీలోని ఎన్నెపెటాల్‌వే కావడంతో తికమక ఇంకా పెరిగింది. "బిల్‌స్టైన్ లింక్ రాడ్" అని అమ్మితే అది ఫెబీదని అర్థం చేసుకోండి. పార్టు బాగోదని కాదు, మీరు అనుకున్నది వేరు అంతే.

ఒకే కంపెనీలో రకాలూ తెలిసి ఉండాలి. బిల్‌స్టైన్ బీ4 మామూలు ఒరిజినల్ బదులు పార్టు. బీ6 గట్టిది, ఫ్యాక్టరీ ఎత్తు స్ప్రింగులకి. బీ8 పొట్టిది, కిందికి దించే స్ప్రింగులకి. పొట్టి స్ప్రింగుల కింద బీ6 వేస్తే పిస్టన్ ఎప్పుడూ బంప్ స్టాప్ దగ్గరే ఆడుతుంది, రాయి తగిలినట్టు దెబ్బలు కొడుతుంది. ఫ్యాక్టరీ స్ప్రింగుతో బీ8 వేస్తే చక్రం కిందికి దిగాల్సిన చోట ముందే ఆగిపోయి టప్ టప్ మంటుంది. కేవైబీలో ఎక్సెల్-జి రెండు గొట్టాల గ్యాస్ షాక్, గ్యాస్-ఎ-జస్ట్ ఒకే గొట్టంది, గట్టిది. కోనీ స్పోర్ట్‌లో రీబౌండ్ (షాక్ సాగేటప్పటి గట్టితనం) సర్దుకోవచ్చు. కానీ కొన్ని కార్లకి పైన నాబ్ ఉండదు, షాక్ విప్పి పూర్తిగా నొక్కి తిప్పాలి. కొనేముందే అడగండి.

కంపెనీలే మళ్లీ చేస్తున్న పార్టులూ ఉన్నాయి. నిస్సాన్ వాళ్ల నిస్మో హెరిటేజ్ 2017లో ఆర్32 జీటీ-ఆర్‌తో మొదలై ఆర్33, ఆర్34లకి విస్తరించింది. టయోటా జీఆర్ హెరిటేజ్ పార్ట్స్‌లో 2000జీటీ, ఏ70, ఏ80 సుప్రాలు ఉన్నాయి. పోర్షా క్లాసిక్, బీఎండబ్ల్యూ గ్రూప్ క్లాసిక్, మెర్సిడెస్-బెంజ్ క్లాసిక్ ఎప్పటినుంచో ఉన్నవే. జాబితాలు మారుతుంటాయి కాబట్టి ఆరు నెలలకోసారి మీ నంబర్లు మళ్లీ వేసి చూడండి.

తక్కువ సంఖ్యలో కార్లు చేసిన కంపెనీల కథ ఇంకోలా ఉంటుంది. వాళ్లు పార్టులు అరువు తెచ్చుకున్నారు. మొదటి తరం లోటస్ ఎస్ప్రీ ముందు సస్పెన్షన్ ఓపెల్ ఆస్కోనాది. టీవీఆర్‌లలో ఫోర్డ్ అప్‌రైట్లు (హబ్‌ని పట్టుకునే ముక్కలు) కనిపిస్తాయి. అలాంటి కారుకి స్పోర్ట్స్ కారు పేరుతో వెతకడం మానేసి, దాత కారు పేరుతో వెతకండి. ఒకే కుటుంబంలోనూ ఇలాంటి వీలుంటుంది: మొదటి తరం (ఎన్ఏ) మాజ్డా ఎంఎక్స్-5లో రెండో తరం (ఎన్‌బీ) టాప్ మౌంట్ సెట్ పడుతుంది, పైగా షాక్‌కి కాస్త ఎక్కువ ప్రయాణం వస్తుంది. చాలామంది కావాలనే అలా మారుస్తారు.

5. కొలవండి

నంబరు దొరకనప్పుడు, దొరికినా అమ్మేవాడి మీద నమ్మకం లేనప్పుడు వెర్నియర్ కాలిపర్, టేపు రెండూ తీయాల్సిందే.

షాక్‌కి కొలవాల్సినవి: పూర్తిగా సాగినప్పుడు పొడవు, పూర్తిగా నొక్కినప్పుడు పొడవు, బాడీ వ్యాసం, రాడ్ వ్యాసం, రాడ్ కొస మర. మర సాధారణంగా ఎం12×1.25 లేదా ఎం14×1.5 ఉంటుంది, థ్రెడ్ గేజ్‌తో చూడండి, కంటితో తేల్చకండి. కింద కన్ను ఉంటే దాని లోపలి వ్యాసం, వెడల్పు. పైన పిన్ను ఉంటే కొలత మొదలయ్యేది వాషర్ కూర్చునే మెట్టు దగ్గర్నుంచి, రాడ్ చివర నుంచి కాదు. ఈ ఒక్క తేడాతో ముప్పై, నలభై మిల్లీమీటర్లు తప్పొస్తుంది.

వీటన్నిటిలోకి నొక్కినప్పటి పొడవు కీలకం. సాగినప్పుడు ఐదు మి.మీ. అటూ ఇటూ ఉన్నా కారు నడుస్తుంది. నొక్కినప్పుడు కొత్తది పాతదానికంటే పొడవుంటే మాత్రం, బంప్ స్టాప్ పని మొదలయ్యేలోపే పిస్టన్ లోపల అడుక్కి కొడుతుంది. వాల్వు విరుగుతుంది, లేదా ఆ దెబ్బ బాడీలోని టవర్‌కి పోతుంది.

స్ట్రట్ అయితే ఇంకొన్ని ఉన్నాయి. నకిల్‌కి (హబ్‌ని పట్టుకునే లోహపు ముక్కకి) పట్టే రెండు బోల్టుల మధ్య దూరం, బోల్టు సైజు, బ్రాకెట్ రేకుల మధ్య వెడల్పు, స్ప్రింగు సీటు ఎత్తు, బ్రేక్ హోస్ బ్రాకెట్, లింక్ రాడ్ చెవి ఉన్న చోటు. కొన్నిట్లో స్ట్రట్ గొట్టమే నకిల్‌లోకి దిగి బిగుస్తుంది. ఐదో తరం గోల్ఫ్‌లో ఈ గొట్టం 50 మి.మీ. ఉన్నవీ 55 మి.మీ. ఉన్నవీ రెండూ ఉన్నాయి, సంవత్సరం చూసి చెప్పలేరు.

స్ప్రింగు గట్టితనం తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు, లెక్క చాలు. తీగ మందం మి.మీ.లలో తీసుకుని దాన్ని నాలుగుసార్లు వేసి గుణించండి, వచ్చినదాన్ని 79,000తో గుణించండి. ఇది పై లెక్క. స్ప్రింగు బయటి వ్యాసంలోంచి తీగ మందం తీసేస్తే సగటు వ్యాసం. దాన్ని మూడుసార్లు వేసి గుణించి, 8తోనూ, పనిచేసే చుట్ల సంఖ్యతోనూ గుణించండి. ఇది కింది లెక్క. పైదాన్ని కిందిదానితో భాగిస్తే మిల్లీమీటరుకి ఎన్ని న్యూటన్లో వస్తుంది. సీటుకి ఆనుకుని కదలని చుట్లు లెక్కలోకి రావు.

ఉదాహరణకి తీగ 12 మి.మీ., సగటు వ్యాసం 120, పనిచేసే చుట్లు 5 అయితే జవాబు 23.7. అదే తీగ 12.5 ఉంటే 27.9. అర మిల్లీమీటరుకి దాదాపు 18 శాతం తేడా! అందుకే పెయింటు గీకి లోహం మీదే కొలవాలి, మూడు చోట్ల కొలిచి సగటు తీయాలి. జపాన్ బ్రాండ్లు కేజీ లెక్కన, అమెరికా బ్రాండ్లు పౌండ్లలో రాస్తాయి: మి.మీ.కి ఒక కేజీ అంటే 9.81 న్యూటన్లు, అంగుళానికి 56 పౌండ్లు. చుట్ల మధ్య సందు ఒకేలా లేని ప్రోగ్రెసివ్ స్ప్రింగుకి ఈ లెక్క పనికిరాదు, దాన్ని ప్రెస్ మీద పెట్టి చూడాల్సిందే.

షాక్ గట్టితనం విషయంలో బిల్‌స్టైన్ వాళ్ల పద్ధతి తెలిస్తే పోల్చడం తేలిక. 276/150 అని రాసి ఉంటే, రాడ్ సెకనుకి 0.52 మీటర్ల వేగంతో కదిలినప్పుడు రీబౌండ్ 2,760 న్యూటన్లు, కంప్రెషన్ (నొక్కేటప్పటిది) 1,500 న్యూటన్లు అని అర్థం. కొత్త స్ప్రింగు పాతదానికంటే బాగా గట్టిదైతే రీబౌండ్ అంకె కూడా పెరగాలి. లేకపోతే గుంత దాటాక కారు పైకి ఎగిరి, ఆ ఊపు ఆగదు.

6. షాక్ దొరకకపోతే ఉన్నదాన్నే బాగుచేయించండి

డాట్సన్ 240జెడ్, బీఎండబ్ల్యూ ఈ30 వంటి పాత కార్లలో స్ట్రట్ గొట్టం నకిల్‌తో కలిసే ఉంటుంది, పైన పెద్ద గ్లాండ్ నట్ ఉంటుంది. నట్ విప్పి లోపలి కార్ట్‌రిడ్జ్ మార్చడమే. కొత్త కార్ట్‌రిడ్జ్ దించే ముందు గొట్టంలో కొంచెం ఆయిల్ పోయండి, వేడి బయటికి పోవడానికి అది కావాలి. గ్లాండ్ నట్ నుంచి పొర్లేంత పోయకండి. కొన్ని కార్లకి కోనీ ఇచ్చే ఇన్సర్ట్ కోసం పాత స్ట్రట్‌ని పైన కోసి, అడుగున రంధ్రం వేసి బోల్టుతో పట్టించాలి. దానికి గొట్టం తుప్పు లేకుండా ఉండటం తప్పనిసరి.

ఒకే గొట్టం గ్యాస్ షాక్‌లని తిరిగి కట్టే వర్క్‌షాపులు ఉన్నాయి. మీరు అడగాల్సినవి: సీలు, గైడ్ బుష్, పిస్టన్ రింగు, ఆయిల్ మారుస్తారా, నైట్రోజన్ ఎంత ఒత్తిడికి నింపుతారు, రాడ్ మీద గుంటలుంటే క్రోమ్ మళ్లీ వేయిస్తారా లేక అలాగే కట్టేస్తారా. గుంట పడిన రాడ్‌కి కొత్త సీలు వేస్తే అది కొన్ని నెలల్లోనే మళ్లీ కారుతుంది. ప్రతి షాక్‌కీ డైనో గ్రాఫు (యంత్రం మీద ఆడించి గట్టితనం కొలిచిన గీత) ఇవ్వమనండి. ఎడమ కుడి గ్రాఫులు దాదాపు ఒకదాని మీద ఒకటి పడాలి. గ్రాఫు ఇవ్వలేనివాడి దగ్గర ఈ పని చేయించకండి. ఇంట్లో విప్పే ఆలోచన అసలు వద్దు, లోపల గ్యాస్ ఒత్తిడి ఉంటుంది.

సుబారు ఎస్‌టీఐ, ల్యాన్సర్ ఎవో ఎంఆర్‌లలో తలకిందుల స్ట్రట్లు వస్తాయి. సన్నని రాడ్ బదులు లావుపాటి మెరిసే గొట్టం కనిపిస్తుంది. వాటిలో టక్ టక్ చప్పుడు వచ్చిందంటే షాక్ పోయిందని కొత్తవి కొనేస్తుంటారు. చాలాసార్లు లోపలి గైడ్ బుష్‌ల దగ్గర గ్రీజు ఎండిపోయి ఉంటుంది. విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి చూడండి.

ఎలక్ట్రానిక్ షాక్‌లలో పాడైంది మోటారా, షాకా అని ముందు విడదీయాలి. 1989 నుంచి 1995 దాకా సీ4 కార్వెట్‌లో వచ్చిన ఎఫ్ఎక్స్3లో యాక్చుయేటర్ పైన విడిగా కూర్చుంటుంది, కింద ఉన్నది బిల్‌స్టైన్ షాక్. మోటారు పోతే షాక్ మార్చక్కర్లేదు. మాగ్నరైడ్ అలా కాదు. 2002 క్యాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్‌లో మొదలై, 2003లో కార్వెట్‌కి వచ్చిన ఆ పద్ధతిలో షాక్ లోపలి ద్రవంలోనే ఇనుప రేణువులుంటాయి. మామూలు ఆయిల్ పోసి కట్టేస్తానన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి. మామూలు షాక్‌లకి మారితే వార్నింగ్ లైటు వెలగకుండా రెసిస్టర్ లేదా సిమ్యులేటర్ కూడా జాబితాలో రాసుకోవాలి.

7. బుష్‌లు: కొత్త డబ్బాలో పాత రబ్బరు

డబ్బా విప్పని పాత స్టాకు దొరికిందంటే సంతోషమే, ఆర్మ్, స్ప్రింగు, బోల్టు, బ్రాకెట్ అయితే. రబ్బరు మాత్రం అల్మరాలో కూర్చున్నా గట్టిపడుతుంది. పాతికేళ్లు డబ్బాలో ఉన్న బుష్‌కీ మీ కారు కింద ఉన్నదానికీ పెద్ద తేడా ఉండదు. చాలా రబ్బరు, ప్లాస్టిక్ పార్టుల మీద చిన్న వృత్తం, చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో బాణం, సంవత్సరం అచ్చులో ఉంటాయి. ఆ వృత్తం ఫోటో అడగండి. పాత స్టాకు షాక్‌ల సీళ్లకీ ఇదే వర్తిస్తుంది.

ఆర్మ్ లోహం బాగుంటే బుష్ ప్రెస్ చేయించుకోవడం మేలు. బుష్ లోపల కిడ్నీ ఆకారంలో ఖాళీలుంటే అవి ఏ దిశలో ఉన్నాయో తీయకముందే ఆర్మ్ మీద గీత గీసుకోండి. తొంభై డిగ్రీలు తిప్పి వేస్తే మెత్తగా ఉండాల్సిన వైపు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన వైపు మెత్తగా అవుతుంది. రబ్బరు బుష్‌కి సబ్బు నీళ్లే వాడండి. పెట్రోలియం గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఒరిజినల్ దొరక్కపోతే పవర్‌ఫ్లెక్స్, సూపర్‌ప్రో లాంటి వాళ్ల పాలీయూరిథేన్ బుష్‌లు చాలా పాత మోడళ్లకి వస్తాయి. స్టెబిలైజర్ బార్‌కి, ఒకే అక్షం మీద తిరిగే విష్‌బోన్‌కి అవి బాగా పనిచేస్తాయి. ట్రెయిలింగ్ ఆర్మ్ లాగా అటూ ఇటూ మెలితిరగాల్సిన చోట మాత్రం జాగ్రత్త. అక్కడ మెలికను మింగేది ఆ రబ్బరే. పాలీ వంగదు, ఆర్మ్ బిగబట్టేస్తుంది, ఆ బలం బ్రాకెట్ మీద, బాడీ రేకు మీద పడుతుంది. అలాంటి చోట రబ్బరు, లేదంటే స్ఫెరికల్ బేరింగ్ (ఏ దిశకైనా తిరిగే లోహపు గుండు కీలు). స్ఫెరికల్ వేస్తే చప్పుడు, తరచూ మార్చుకోవడం రెండూ ఒప్పుకున్నట్టే. పాలీకి కిట్‌లో ఇచ్చిన గ్రీజే వాడాలి, తక్కువైతే కీచుమంటుంది.

8. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

షాక్ అయితే రాడ్ పూర్తిగా సాగదీసిన ఫోటో, కుదిరితే నొక్కి వదిలిన వీడియో అడగండి. గ్యాస్ నిండిన ఒకే గొట్టం షాక్ గట్టిగా నొక్కితేనే దిగుతుంది, వదలగానే దానంతటదే పైకి వస్తుంది. రాకపోతే గ్యాస్ పోయింది. రెండు గొట్టాల షాక్‌ని నిలబెట్టి నాలుగైదుసార్లు ఆడించాకే తీర్పు చెప్పాలి. పడుకోబెట్టి ఉంచితే గాలి చేరి మొదటి ఒకటి రెండు స్ట్రోకులు వదులుగా ఉంటాయి.

స్ప్రింగుకి కింది చివరి చుట్టు దగ్గరగా చూడండి, నీళ్లు, మట్టి నిలిచేది అక్కడే. పూత లేచి, కింద తుప్పు గుంటలుంటే వద్దు, విరిగేది అక్కడే. ఆర్మ్‌లు జతగా దొరికితే రెంటినీ చదునైన బల్ల మీద పెట్టి, రంధ్రాల మధ్య దూరాలు పోల్చండి. ఫోర్జ్ చేసిన అల్యూమినియం ఆర్మ్ వంగి ఉంటే దాన్ని సరిచేయడం, వెల్డ్ చేయడం రెండూ చేయకూడదు. బాల్ జాయింట్ పిన్ను కోన్ వాలు కూడా ఒకేలా ఉండాలి. వాలు వేరైతే పిన్ను కొసలోనో మొదట్లోనో మాత్రమే పట్టుకుని, కొన్నాళ్లకి వదులై రంధ్రాన్ని తినేస్తుంది.

పేరున్న బ్రాండ్లకి నకిలీలు కూడా ఉంటాయి. అసలుది ఫోర్జింగ్ అయితే గీతలు స్పష్టంగా ఉంటాయి, నకిలీ పోతలో ఉపరితలం ఇసుకలా గరుకుగా ఉంటుంది. తూకం వేసి పాతదానితో పోల్చండి.

9. చిన్న సామాను, బిగింపు

ఆర్డర్‌లో ఇవి మర్చిపోతే కారు వారాల తరబడి జాకీ స్టాండ్ల మీదే ఉంటుంది: నైలాక్ నట్లు, ఒక్కసారే వాడాల్సిన స్ట్రెచ్ బోల్టులు, అలైన్‌మెంట్ సర్దే ఎక్సెంట్రిక్ బోల్టులు, బంప్ స్టాప్, డస్ట్ కవర్, స్ప్రింగు కింద రబ్బరు ప్యాడ్, లింక్ రాడ్లు. ఎక్సెంట్రిక్ బోల్టులు లోపలి స్లీవ్‌కి తుప్పుతో అతుక్కుపోయి, కోస్తే తప్ప రానివి చాలా కార్లలో ఉంటాయి. కోసేలా ఉంటే బుష్ కూడా ఎలాగూ పోతుంది, రెండూ కలిపి తెప్పించండి. షాక్‌లు, స్ప్రింగులు ఎప్పుడూ ఒకే యాక్సిల్‌కి జతగా మార్చండి.

పార్టులు వచ్చాక కారు విప్పకముందే పాతవాటి పక్కన పెట్టి పైన చెప్పిన కొలతలన్నీ పోల్చండి. డబ్బా మీద నంబరు సరిగ్గా ఉండి లోపల వేరేది ఉండటం కొత్తేమీ కాదు.

రబ్బరు బుష్ ఉన్న ప్రతి ఆర్మ్ బోల్టునీ చక్రాలు వేలాడుతుండగా గట్టిగా బిగించేయడం చాలా చోట్ల జరిగే తప్పు. రబ్బరు రెండు స్లీవ్‌లకీ అతికి ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలితిరిగి ఆ మెలికలోనే ఉండిపోతుంది, కారు కాస్త ఎత్తుగా నిలబడుతుంది, కొన్ని నెలల్లో బుష్ చిరుగుతుంది. కొత్త బుష్ నాసిరకం అనుకుంటారు. మొదట్లో రాసుకున్న నాలుగు అంకెలు ఇక్కడ వాడండి. హబ్ కింద జాకీ పెట్టి, ఫెండర్ అంచు దాకా దూరం ఆ అంకెకి వచ్చేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించండి. పొట్టి స్ప్రింగులు వేస్తే కారు దిగే ఎత్తు లెక్కేసి ఆ అంకె తగ్గించుకోవాలి. పాలీ బుష్‌లకి, స్ఫెరికల్ బేరింగ్‌లకి ఈ గొడవ లేదు, అవి స్వేచ్ఛగా తిరుగుతాయి.

స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి బ్రేక్ హోస్, ఏబీఎస్ తీగ ఎక్కడా లాగడం లేదని, రాసుకోవడం లేదని చూశాకే అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లండి. ఒకటి రెండు వందల కిలోమీటర్లు నడిపాక బోల్టులు మళ్లీ చూడండి. తీసిన పాత ఆర్మ్‌లు, టాప్ మౌంట్లు పారేయకండి, నంబరు రాసిన చీటీ కట్టి దాచండి. వచ్చేసారి ప్రెస్ చేయించడానికి లోహం, కొలవడానికి నమూనా రెండూ అవే.